మూడో స్టాపు

డిపోలో అందరూ ఆయన్ని నిదానం అనే పిలిచేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపాడు. ఒక్కనాడూ ముందున్న బండిని దాటిపోవాలని చూసిన పాపాన పోలేదు. "నిదానం బస్సెక్కితే పెళ్ళికి బయల్దేరినవాళ్ళు పురుటికి చేరతారు" అని మేస్త్రీ వెక్కిరించేవాడు. డిపో షెడ్డులో మెకానిక్కులందరికీ పెద్ద ఈ మేస్త్రీ. నోరు కాస్త పెద్దది, మనసు దానికంటే పెద్దది. ఎవరేమన్నా నిదానం నవ్వి ఊరుకునేవాడు. ముసలివాళ్ళు మాత్రం ముందొచ్చిన రెండు బస్సులు వదిలేసి మరీ ఆయన బస్సు కోసం నిలబడేవారు.

అలాంటి మనిషి బస్సు తగిలే ఒక ప్రాణం పోయింది.

ఆ రోజు పొద్దున్న ఏడున్నర దాటింది. తెల్లవార్లూ కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. మూడో స్టాపు దగ్గర రోడ్డు మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో అటుపక్క ఒక లారీ ఆగి ఇసుక దింపుతోంది. ఇటుపక్క స్టాపులో ఒకావిడ చెయ్యెత్తి నిలబడింది. నిదానం అప్పటికే బ్రేకు మీద కాలు పెట్టి బస్సును పక్కకి తీస్తున్నాడు. అంతలో లారీ వెనకనుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. బస్సు తగిలింది. గట్టిగా కూడా కాదు, లోపల నిలబడి ఉన్నవాళ్ళు తూలనైనా తూలలేదు. కానీ తడిరోడ్డు మీద ఆ మనిషి కాలు జారింది. వెల్లకిలా పడ్డాడు. కాలిబాట రాతి అంచుకి తల కొట్టుకుంది.

నిదానం కిందికి దిగేసరికి, చెయ్యెత్తిన ఆవిడ రోడ్డు మీద కూర్చుని ఆ తలను ఒళ్ళో పెట్టుకుంది. పడిపోయినాయన ఆవిడ భర్త. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేసేవాడు. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే మిషను మీద పనిచేస్తుంది. ఇద్దరూ రోజూ కలిసే వెళ్ళేవారు. ఆ పూట ఆయన రోడ్డుకి అటువైపు దుకాణంలో ఏదో కొనడానికి వెళ్ళాడు. ఆస్పత్రికి చేరకముందే పోయాడు.

విచారణ జరిగింది. బస్సులో ఉన్నవాళ్ళు చెప్పారు, ఇసుక దింపినవాళ్ళు చెప్పారు. డ్రైవరు తప్పేమీ లేదని నెల తిరక్కుండానే కాగితం వచ్చింది. ఆ కాగితం వచ్చాక నిదానానికి మరీ కష్టమైంది. తప్పుంటే శిక్ష ఉండేది. శిక్షకి మొదలూ చివరా ఉండేవి. ఇప్పుడు ఆయనకు మిగిలినదానికి చివర లేదు.

రెండు నెలలు సెలవు పెట్టి, తిరిగి పనిలోకి వెళ్ళిన రోజున బస్సు తలుపు పక్కనున్న కడ్డీ పట్టుకున్నాడు. చెయ్యి దానంతట అది వదిలేసింది. మళ్ళీ పట్టుకున్నాడు. ఒళ్ళంతా చెమటలు పోశాయి, చక్రం పక్కనే కూలబడి వాంతి చేసుకున్నాడు. మూడు రోజులు అదే వరస. డిపో మేనేజరు మంచివాడే. చూసి చూసి, "కొన్నాళ్ళు స్టోరులో కూర్చో. తర్వాత సంగతి తర్వాత" అన్నాడు.

స్టోరు అంటే షెడ్డు చివర ఒక పొడుగాటి గది. అరల నిండా బోల్టులు, బల్బులు, బెల్టులు, వైపరు బద్దలు. మెకానిక్కులు వచ్చి అడిగింది తీసివ్వడం, సాయంత్రం తాళం వేయడం. అంతే పని. బస్సులు కనబడకుండా ఆయన బల్లను గోడవైపు తిప్పుకున్నాడు. ఇంటినుంచి డిపోకి మెయిన్ రోడ్డు మీద పావుగంట నడక. అటు బస్సులు తిరుగుతాయని సందుల్లోంచి నలభై నిమిషాలు చుట్టు తిరిగి వెళ్ళేవాడు. గడ్డం గీసుకోవడం వారానికి ఒకసారైంది. తర్వాత అదీ లేదు.

భార్య పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. ఇంట్లో ఆయనకి తోడు అక్క ఒక్కతే. ఆయనకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. భర్త పోయాక తమ్ముడి దగ్గరికే వచ్చేసింది. ఆస్పత్రిలో నడక తప్పినవాళ్ళకి మళ్ళీ నడక నేర్పే గదిలో ఆవిడకి ఉద్యోగం. పక్షవాతం వచ్చినవాళ్ళూ, తుంటి విరిగినవాళ్ళూ, నెలల తరబడి మంచానికి అతుక్కుపోయినవాళ్ళూ ఆవిడ చేతికి వస్తారు. చాకిరీతో ఆ చేతులు మగవాడి చేతుల్లా గట్టిపడ్డాయి. మాట కూడా అంతే, మెత్తగా రాదు.

నాలుగు నెలలు ఆవిడ ఏమీ అనలేదు. ఒక ఆదివారం పొద్దున్న పేపరు చదువుతున్న తమ్ముడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒరేయ్, ఎన్నాళ్ళిలా?"

"ఎలా?"

"తెలియనట్టు అడక్కు. బోల్టులు లెక్కపెట్టుకుంటూ రిటైరైపోతావా?"

ఆయన పేపరు మడిచాడు. "నావల్ల కాదక్కా. ప్రయత్నం చేశాను. నువ్వు చూడలేదు కాబట్టి అంటున్నావు."

"ఏం ప్రయత్నం చేశావు?"

"ఎక్కి నడుపుదామనే వెళ్ళాను."

"అదే నువ్వు చేసిన తెలివితక్కువ పని" అంది అక్క. "నా దగ్గరికి తుంటి విరిగినవాణ్ణి తీసుకొస్తారు. మొదటిరోజే నడవరా అంటానా? మంచం అంచున కూర్చుని ఒక్క పాదం నేలకి ఆనించమంటాను. ఆనించి పడుకోమంటాను. అంతే ఆ రోజుకి. రెండోరోజూ అంతే. వాడికి విసుగు పుట్టాలి. ఇంతేనా, ఇంకేం లేదా అని వాడే అడగాలి."

"నా కాళ్ళు బాగానే ఉన్నాయి."

"కాళ్ళ సంగతి ఎవడడిగాడు?"

ఆయన మళ్ళీ పేపరు విప్పబోయాడు. ఆవిడ దాన్ని లాక్కుని చెప్పింది. "రేపు స్టోరుకి తాళం వేశాక, తాళంచెవి జేబులో వేసుకుని, ఇంటికి బయల్దేరేముందు ఒక బస్సు దగ్గరికి వెళ్ళు. ఆగి ఉన్న బస్సే. దాని మెట్టు మీద చెయ్యి పెట్టు. తీసెయ్యి. ఇంటికొచ్చెయ్యి."

"దానివల్ల ఏమవుతుంది?"

"ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే కావాలి."

"ఎక్కద్దా?"

"ఎక్కావంటే కాళ్ళిరగ్గొడతాను. తర్వాత నేనే నడక నేర్పుకోవాలి."

చాలా రోజుల తర్వాత ఆయన పెదవి కదిలింది. నవ్వని చెప్పలేం గానీ, కదిలింది.

షెడ్డు వెనక ఒక పాత బస్సు ఉండేది. దారి మీదికి పంపడానికి పనికిరాదు, అమ్మేయడానికి ఇంకా ఉత్తర్వు రాలేదు. కొత్తగా చేరిన డ్రైవర్లకి డిపో ఆవరణలో చేయి తిరిగేలా నేర్పడానికి వాడతారు. సోమవారం సాయంత్రం స్టోరుకి తాళం వేసి నిదానం దాని దగ్గరికి వెళ్ళాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. మెట్టు మీద చెయ్యి పెట్టాడు. ఇనుము ఎండకి వేడెక్కి ఉంది. తీసేశాడు. గుండె దడదడలాడింది గానీ వాంతి రాలేదు.

ఇంటికి వెళ్ళగానే అక్క అడిగింది. "పెట్టావా?"

"పెట్టాను."

"సరే. చేతులు కడుక్కో, భోంచేద్దాం."

మెచ్చుకోలు లేదు, ఇంకో ప్రశ్న లేదు. ప్రతి సాయంత్రం అదే మాట, అదే జవాబు. పదో రోజుకి ఆయన, "అక్కా, ఇంకేం లేదా?" అన్నాడు. అక్క తల తిప్పకుండానే, "మొదటి మెట్టు మీద నిలబడు. పది అంకెలు లెక్కపెట్టి దిగు" అంది.

అలా మొదలైంది. మెట్టు తర్వాత లోపల వెనక తలుపు పక్క సీటు. ఆ తర్వాత నాలుగైదు రోజులకో వరస ముందుకి. ప్రయాణికుడిలా కూర్చుని, ఊరకే కిటికీలోంచి చూసి, దిగి వచ్చేవాడు. తాళం క్లిక్కుమనగానే కాళ్ళు వాటంతటవే అటు తిరిగేవి. జ్వరంగా ఉన్న రోజున, "ఇవాళ మెట్టు ముట్టుకునే వచ్చెయ్యి, పైకి వద్దు" అంది అక్క. మానేయమని మాత్రం అనలేదు.

మేస్త్రీకి విషయం తెలియకుండా ఎన్నాళ్ళు ఉంటుంది! ఒకరోజు బస్సు లోపలికి తొంగిచూసి, "ఏమయ్యా, టిక్కెట్టు తీసుకున్నావా?" అన్నాడు. నిదానం తడబడి లేవబోయాడు. "కూర్చో కూర్చో. నువ్వెక్కిన బస్సు కదలకపోవడం మాకు కొత్తేం కాదులే" అని వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి ఆ బస్సు అద్దాలు తుడిచి ఉండేవి. సీట్ల మీద దుమ్ము ఉండేది కాదు. ఎవరు తుడుస్తున్నారో నిదానం అడగలేదు, మేస్త్రీ చెప్పలేదు.

రెండో నెల చివర డ్రైవరు సీటులో కూర్చున్నాడు. వారం తర్వాత బస్సు తాళంచెవి పెట్టి తిప్పి, ఇంజను శబ్దం విని ఆపేశాడు. అక్క చెప్పింది అంతవరకే. కానీ ఆ శుక్రవారం ఎందుకో ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఇరవై రెండేళ్ళ పని చేతుల్లో మేలుకుంది. గేరు వేశాడు. బస్సు కదిలింది. షెడ్డు చుట్టూ సగం తిప్పాడు. బాగానే ఉంది. మలుపు దగ్గర బకెట్టు పట్టుకుని, బస్సులు కడిగే మనిషి ఒకడు అడ్డంగా వచ్చాడు. చాలా దూరంలోనే ఉన్నాడు. నిదానం బ్రేకు తొక్కాడు, బస్సు ఆగింది. బకెట్టు మనిషి తన దారిన తను వెళ్ళిపోయాడు. కానీ నిదానం బ్రేకు మీదనుంచి కాలు తీయలేకపోయాడు. మేస్త్రీ వచ్చి, పక్కనుంచి చెయ్యి పెట్టి ఇంజను ఆపి, స్టీరింగు మీద బిగుసుకున్న వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి, ఇద్దరు మనుషుల సాయంతో కిందికి దించాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆయన అటు వెళ్ళడం మానేశాడు. అక్క రోజూ అడిగేది, ఆయన రోజూ "లేదు" అనేవాడు. సరే, చేతులు కడుక్కో అనేది. పదిహేను రోజులు గడిచాక ఆయనే కోపంగా అన్నాడు.

"లేదని తెలిసీ ఎందుకడుగుతావు?"

"ఔనంటావేమోనని."

"మళ్ళీ మొదటికొచ్చాను కదా! మూడు నెలలు బూడిదలో పోసిన పన్నీరు."

అక్క చేతిలో పని పక్కన పెట్టింది. "మా గదిలో ఒకాయన ఉండేవాడు. కర్ర లేకుండా నడిచేదాకా తెచ్చాను. తన కూతురికి చూపిస్తానని ఒక్కడే మెట్లెక్కబోయి పడ్డాడు. మళ్ళీ మంచం. నన్ను చూసి మొహం గోడకి తిప్పుకున్నాడు. నేను వెళ్ళి పాదం నేలకి ఆనించమన్నాను. అంతే. మొదట నేర్చుకోవడానికి నెల పట్టింది, రెండోసారి తొమ్మిది రోజులు. అప్పటిదంతా కాలు మర్చిపోలేదురా. వాడే మర్చిపోయాడు." కాసేపాగి, "రేపు మెట్టు మీద చెయ్యి పెట్టిరా" అంది. "ఇంకోటి, ఆ సందుల్లోంచి వెళ్ళడం మానెయ్. మెయిన్ రోడ్డు మీద నడువు. వారానికి ఒకరోజు చాలు."

ఆ వారానికి ఒకరోజు నడకలోనే ఆయనకి ఆ పోయినాయన భార్య కనబడింది.

మూడో స్టాపు ముందరే చూశాడు. భుజాన సంచీ, తల వంచుకుని గబగబా నడుస్తోంది. ఆవిడ పక్కనుంచే బస్సు వెళ్ళింది, స్టాపులో ఆగింది, ఆవిడ దాన్ని దాటి నడిచిపోయింది. మరుసటి వారమూ అంతే. బట్టల ఫ్యాక్టరీ అక్కడికి గంటకు పైగా నడక. గుండీలు కుట్టే ఆవిడ ఇన్ని నెలలుగా రోజూ పోనూ రానూ నడుస్తోందని ఆయనకి అప్పుడు అర్థమైంది. ఆ రోజు స్టోరులో ఏ పనీ చేయలేకపోయాడు. బల్బు అడిగితే బెల్టు ఇచ్చాడు.

మూడో వారం తప్పుకుందామనుకునేలోపే ఆవిడ ఎదురుగా వచ్చి ఆగింది.

"మీరేగా" అంది.

"నేనేనమ్మా."

క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. ఎదురుగా నిలబడితే ఆ మాట చాలా చిన్నదిగా అనిపించింది.

"బస్సు తోలడం లేదట కదా" అంది ఆవిడ. "ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు."

"తోలలేకపోతున్నాను. మీరు... నడిచి వెళుతున్నారు."

"బస్సెక్కాలంటే చెయ్యెత్తాలి కదా." ఆవిడ రోడ్డువైపు చూస్తూ అంది. "ఆ రోజు నేనే పిలిచాను. బస్సొచ్చేసింది, త్వరగా రండి, త్వరగా రండి అని. ఒక చెయ్యి మీకెత్తాను, ఒక చెయ్యి ఆయనకూపాను. ఆయన ఎప్పుడూ పరిగెత్తే మనిషి కాదు. నేను పిలిచాననే పరిగెత్తాడు. ఇది విచారణలో నన్నెవరూ అడగలేదు."

ఇన్నాళ్ళూ ఈవిడ తనని తిట్టుకుంటూ ఉంటుందని, తన మొహం తలుచుకుని శపిస్తూ ఉంటుందని నిదానం అనుకున్నాడు. ఆవిడ తిట్టుకుంటున్నది నిదానాన్ని కాదు, తనని తానే. ఊరట కలగాలి. కలగలేదు. ఇంకో బరువు వచ్చి భుజాన కూర్చున్నట్టయింది.

"మీ తప్పు లేదమ్మా" అన్నాడు.

"మీకూ అలాగే చెప్పారుగా. పనికొచ్చిందా?"

నిదానం తనకి తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పాడు. అక్క గురించి, పాత బస్సు గురించి, రోజూ తాళం వేశాక మెట్టు మీద చెయ్యి పెట్టడం గురించి. చెబుతున్నకొద్దీ ఆవిడ మొహం ఎర్రబడింది.

"మొగుడు పోయిన మనిషికి చెప్పే మాటేనా ఇది? మెట్లు ముట్టుకోమంటారా నన్ను?" అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆయన అక్కకి జరిగింది చెప్పాడు. "ఆవిడ చెప్పింది నిజమే. అడగనివాళ్ళకి చెప్పకూడదు" అంది అక్క. "నువ్వు మాత్రం నీ పని మానకు."

ఆయన మానలేదు. మెట్టు, తలుపు పక్క సీటు, వరస తర్వాత వరస. ఈసారి మూడు వారాల్లో డ్రైవరు సీటుకి చేరాడు, అక్కడే ఆగాడు. ఇంజను స్టార్టు చేసి ఆపడం ఒక్కటే ఇరవై రోజులు చేశాడు. మేస్త్రీ రోజూ ఆ వేళకి ఏదో పని పెట్టుకుని అటు వచ్చేవాడు. ఒకరోజు, "నా కూతురికి కారు నేర్పడానికి కూడా ఇన్నాళ్ళు పట్టలేదయ్యా" అన్నాడు. "మీ కూతురు మీలాంటిది, భయం లేదు" అన్నాడు నిదానం. మేస్త్రీ నవ్వలేదు. "నాకూ ఉందిలే" అన్నాడు. "చెప్పను గానీ, ఉంది."

మెయిన్ రోడ్డు నడక వారానికి రెండు రోజులు, తర్వాత రోజూ అయింది. ఒక పొద్దున్న గుండీలావిడ మూడో స్టాపులో నిలబడి ఉండగా చూశాడు. రోడ్డుకి అటువైపునుంచే చూశాడు, దాటలేదు. బస్సు వచ్చింది. ఆవిడ చెయ్యెత్తలేదు. వేరేవాళ్ళు ఎక్కారు, బస్సు వెళ్ళిపోయింది. ఆవిడ సంచీ భుజాన వేసుకుని నడక సాగించింది. మర్నాడూ నిలబడింది. ఆ మర్నాడూ. ఒక్కో బస్సు వచ్చి వెళ్ళేదాకా నిలబడి, తర్వాత నడుచుకుంటూ వెళ్ళిపోయేది. ఆయన అటు చూడనట్టే తల దించుకుని పోయేవాడు.

నెలన్నర తర్వాత ఆవిడే రోడ్డు దాటి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మొన్న ఎక్కాను" అంది. పలకరింపు లేదు, ఏమీ లేదు. "ఎవరో చెయ్యెత్తారు, వాళ్ళ వెనకే ఎక్కేశాను. ఒక్క స్టాపు. దిగి, అక్కడే గోడ పట్టుకుని ఏడ్చాను. నిన్న కూడా ఎక్కాను. ఏడవలేదు. అది ఇంకా బాధగా ఉంది."

"ఎందుకమ్మా?"

"ఏడవకుండా బస్సెక్కితే ఆయన్ని వదిలేసినట్టు కాదూ?"

నిదానానికి ఈ ప్రశ్న కొత్త కాదు. ఇంజను శబ్దానికి గుండె దడ తగ్గిన రోజునుంచీ ఆయన లోపల అదే తొలుస్తోంది. చచ్చినవాణ్ణి చంపినవాడు మర్చిపోతున్నాడా అని.

"నాకు తెలియదమ్మా" అన్నాడు. "నాకూ అలాగే ఉంది."

ఆవిడ తల ఊపింది. తెలుసని చెప్పి ఉంటే బహుశా మళ్ళీ కోప్పడేది. "ఇవాళ కూడా ఎక్కుతాను" అని వెనక్కి వెళ్ళి స్టాపులో నిలబడింది.

ప్రమాదం జరిగిన పదమూడో నెలలో మేనేజరు నిదానాన్ని పిలిచి అడిగాడు. "ఖాళీ బస్సు తీసి చూస్తావా? మేస్త్రీ పక్కన కూర్చుంటాడు." ఆయన ఇంటికి వెళ్ళి అక్కనడిగాడు. "గేటుదాకా తీసి, తిప్పుకొచ్చెయ్యి" అంది. గేటుదాకా తీశాడు. ఆరు రోజులు గేటుదాకానే. ఏడో రోజు గేటు దాటి మొదటి స్టాపు. మేస్త్రీ పక్కన కూర్చుని, "నాకు కడుపులో తిప్పుతోందయ్యా, ఇంత మెల్లగా పోతే" అని గొణుగుతూనే ఉండేవాడు. కానీ ఒక్కరోజు కూడా రాననలేదు.

మనుషుల్ని ఎక్కించుకుని మొదట నడిపింది వేరే దారిలో. అది ఊరి బయట వెడల్పాటి రోడ్డు, జనం తక్కువ. నాలుగు నెలలు అలా గడిచాక మేనేజరు పాత దారి గురించి అడిగాడు. "బలవంతం లేదు. ఎప్పటికీ వద్దనుకుంటే వద్దు."

ఆ రోజు ఇంట్లో ఆయనే అన్నాడు. "అక్కా, ఇది నువ్వు చెప్పేది కాదు. నేనే తేల్చుకోవాలి."

అక్క ఆయనవైపు చూసి, "అమ్మయ్య" అంది. లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

పాత దారిలో మొదటి రోజు ఎండగా ఉంది. మలుపులో లారీ లేదు, ఇసుక లేదు. అయినా ఆయన చాలా ముందునుంచే వేగం తగ్గించాడు. మూడో స్టాపులో అయిదారుగురు నిలబడ్డారు. వాళ్ళలో ఆవిడ ఉంది. డ్రైవరు సీటులో ఎవరున్నారో చూసింది. ఆయన బస్సాపాడు. తలుపు తెరుచుకుంది. అందరూ ఎక్కారు. ఆవిడ ఎక్కలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన క్షణమాగి, తలుపు మూసి, ముందుకి వెళ్ళాడు. ఆవిడ తర్వాతి బస్సులో వెళ్ళింది.

ఆ రోజు సంగతి తెలిసి అక్క, "బాధపడ్డావా?" అని అడిగింది.

"పడ్డాను. కానీ ఎక్కాల్సిన అవసరం ఆవిడకేముంది?"

మర్నాడూ ఆవిడ ఎక్కలేదు. ఆ వారమంతా ఎక్కలేదు. ఆ నెలా అంతే. ఆయన మాత్రం స్టాపులో ఎవరూ లేకపోయినా, ఆవిడ ఒక్కతే ఉన్నా బస్సాపి, తలుపు తెరిచి, అయిదారు క్షణాలు ఆగి వెళ్ళేవాడు. "ఆవిడ ఎక్కదుగా సార్, ఎందుకాపడం?" అన్నాడు కండక్టరు ఒకసారి. "స్టాపు కదా" అన్నాడు నిదానం. పోగా పోగా ఆవిడ వెనక్కి అడుగు వేయడం మానేసింది. తలుపు తెరుచుకున్నప్పుడు ఉన్నచోటే నిలబడేది. ఒక్కోసారి తల కొద్దిగా ఊపేది, ఒక్కోసారి అదీ లేదు. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఒక సోమవారం, మంగళవారం నిదానం పనిలోకి వెళ్ళలేదు. బుధవారం మూడో స్టాపులో బస్సాపి తలుపు తెరిచాడు. వేరే ఎవరూ లేరు. గుండీలావిడ రెండడుగులు ముందుకి వచ్చి, మెట్టు కిందే ఆగి, లోపలికి చూసింది.

"రెండ్రోజులు రాలేదేం?"

ఆయన దవడ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఎడమ బుగ్గ బూరెలా ఉబ్బి ఉంది. "పన్ను పీకారమ్మా."

"ఏ పన్ను?"

"వెనకది."

"చూస్తేనే తెలుస్తోంది. ఇంకా వాచే ఉంది." ఆవిడ కాస్త చిరాగ్గా అంది. "ఉప్పునీళ్ళు గోరువెచ్చగా పెట్టుకుని పుక్కిలిస్తున్నారా?"

"లేదమ్మా."

"మందులే మింగుతున్నారా? రోజుకి నాలుగుసార్లు పుక్కిలించాలి. మీ అక్కగారికి ఈపాటి తెలియదా?"

"చెప్పింది. నేనే..."

వెనక ఒక బండి హారన్ కొట్టింది. ఆవిడ అటు చూసి, చేత్తో పొమ్మన్నట్టు సైగ చేసింది. "వెళ్ళండి, వెళ్ళండి, బళ్ళాగిపోయాయి."

నిదానం తలుపు మూశాడు. అద్దంలో, మలుపు తిరిగేదాకా, ఆవిడ స్టాపులో నిలబడి తర్వాతి బస్సు వచ్చే వైపు మెడ తిప్పి చూడటం కనిపించింది. ఆయన కండక్టరుని, దారిలో ఎక్కడైనా ఉప్పు పొట్లం దొరుకుతుందేమో చూడమన్నాడు.